అక్క సంతకం పెట్టిన ప్రూఫు

తమ్ముడు పనిచేసిన ప్రెస్సులో ఒక రూలుంది. ఎవరో ఒకరు చదివి కింద సంతకం పెట్టందే ఏ కాగితమూ మిషనెక్కదు, తప్పు దొర్లితే ఆ పాపం సంతకం పెట్టినవాళ్ళదే. కిందటి వారం ఓనరుగారు కరపత్రం ప్రూఫు పట్టుకుని స్వయంగా ఇంటికొచ్చి, "తప్పులేమన్నా ఉన్నాయేమో చూడమ్మా" అంటే అక్క చూసింది. పైన తమ్ముడి ఫొటో. కింద, 'గుండెపోటుతో మనల్ని విడిచి వెళ్ళిన మిత్రుడి జ్ఞాపకార్థం ఉచిత గుండె పరీక్షలు.' అక్షరం తప్పు లేదు. ఉన్నదల్లా ఒక్క అబద్ధం. వంటింటి గుమ్మంలోంచి అమ్మ కళ్ళతోనే ఉరిమింది. అక్క సంతకం పెట్టేసింది.

అసలు సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. మూడు నెలల కిందట తమ్ముడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. "గుండెపోటని చెప్పు. ఇంకో మాట నీ నోట్లోంచి వస్తే నా మీద ఒట్టే" అంది అమ్మ. ప్రెస్సువాళ్ళు పాపం నమ్మేశారు. ముప్ఫై రెండేళ్ళకే గుండెపోటేంటని బెంబేలెత్తిపోయి, ఒక నర్సునీ, గుండె చూసే మిషన్నీ పిలిపించేశారు.

శనివారం పొద్దున్నే ప్రెస్సులో కాగితం బండిళ్ళ మధ్య, సిరా వాసనలో, ఇరవై మంది చొక్కా గుండీలు విప్పుకుని వరసలో నిలబడ్డారు.

"మేడమ్, ముందు ఓనరుగారిది చూడండి! సెలవడిగితే కరగదు, ఏ రాయితో చేశారో తేలిపోతుంది."

"ఒరేయ్, నీకసలు గుండె ఉందో లేదో అది చూపించుకో ముందు!"

అందరూ నవ్వుతున్నారు. ముందు కుర్చీలో అమ్మ, పక్కన బల్ల మీద తమ్ముడి ఫొటో. అక్కకి ఎటు చూడాలో తెలియలేదు.

అప్పుడు జిగురు వంతొచ్చింది. బైండరు అతను. చేతులకి ఎప్పుడూ జిగురే, పైగా తమ్ముణ్ణి పట్టుకుంటే వదిలే రకం కాదు, అందుకే ఆ పేరు. పన్నెండేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు, తమ్ముడు కాగితం కోస్తే ఇతను కుట్టేవాడు.

"మీ గుండె గుర్రంలా ఉంది, ఏ ఢోకా లేదు" అంది నర్సు.

జిగురు లేవలేదు. "ఇంకోసారి చూడండి మేడమ్. ఇక్కడ రాయి పెట్టినట్టుంటుంది. నిద్ర కూడా ఉండట్లేదు."

"గ్యాసేమోరా!" అన్నారు వెనకనించి. "కాదు, ప్రేమ!" అన్నారు ఇంకొకరు. అందరికంటే ముందు జిగురే నవ్వేశాడు. తమ్ముడూ అంతే, అందరికంటే ముందే నవ్వేసేవాడు.

లేచి తిన్నగా అక్క దగ్గరికొచ్చి, కాగితం మడతలు నొక్కే చెక్కబద్ద జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. బొటనవేలు అరిగి అరిగి దానికి గాజు నునుపొచ్చేసింది.

"నీ దగ్గరుంచక్కా. నాకింక దీంతో పని లేదులే."

"ఏంట్రా, దానకర్ణుడివైపోయావ్?"

మాట నోరు దాటగానే అక్కకి తమ్ముడి వాచీ గుర్తొచ్చింది. చనిపోవడానికి వారం ముందు వాడు దాన్ని తెచ్చి ఇస్తే, అక్షరం పొల్లు పోకుండా ఇదే మాట అంది. ఇలాగే నవ్వుతూ.

అంతకు నెల ముందు వాడు ఇంకోటి కూడా అడిగాడు. "నా మనసేం బాలేదక్కా, డాక్టరు దగ్గరికి తోడొస్తావా?" "నోర్ముయ్! పిచ్చి డాక్టరు దగ్గరికెళ్ళావని నలుగురికీ తెలిస్తే నీకు పిల్లనెవడిస్తాడ్రా?" అని కసిరింది అక్క. "సర్లే" అన్నాడు వాడు. అంతే. ఆ 'సర్లే' మూడు నెలలుగా ఆమె చెవుల్లోంచి పోలేదు.

అక్క బల్ల మీది పెన్ను అందుకుని, కరపత్రం మీద 'గుండెపోటుతో' అన్న మాటని అడ్డంగా కొట్టేసింది.

"ఏం చేస్తున్నావే? కూర్చో!" అంది అమ్మ.

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టానమ్మా." అక్క అందరివైపూ తిరిగింది. "వాడికి గుండెపోటు రాలేదు. వాడి గుండె కూడా గుర్రంలాగే ఉండేది. వాడి ప్రాణం వాడే తీసుకున్నాడు. ముందు నన్నడిగాడు, డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు. నేను పరువన్నాను."

అమ్మ లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. ఓనరుగారు కాగితం బండిలు మీద కూలబడ్డారు. "వాడు నన్నూ అడిగాడమ్మా, నాలుగు రోజులు సెలవు. ఒంట్లో రోగమే లేదుగా అని తిట్టాను."

జిగురు నేలకేసి చూస్తున్నాడు. "అయితే వాడికీ ఈ రాయుండేదా? పక్కపక్కనే కూర్చుని ఇద్దరం జోకులేసుకున్నాం కదక్కా రోజంతా!"

అక్క అతని రెండు చేతులూ పట్టుకుంది. "చచ్చిపోదామనుకుంటున్నావా?"

అతను అవునన్నట్టు తలూపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అందరికంటే పెద్దవాడు మిషను తాత, గుండీలు పెట్టుకుంటూ వరసలోంచి బయటికొచ్చాడు. "ఏడేళ్ళుగా నేను మనసు డాక్టరు మందులే మింగుతున్నారా. మీకు బీపీవని చెప్పేవాణ్ణి. ఆయన ఇప్పుడుంటాడు. పద, ఒంటరిగా నిన్నొదల్ను."

"ఆటో పిలవండ్రా! నేనూ వస్తున్నా" అన్నారు ఓనరుగారు.

గుమ్మం దాకా వెళ్ళి జిగురు వెనక్కి తిరిగాడు. "అక్కా, నా బద్ద..."

"ఇవ్వను. తిరిగొచ్చి అడుక్కో."

ఆటో వెళ్ళిపోయింది. మెట్ల మీద అమ్మ కరపత్రాన్ని ఒళ్ళో పరుచుకుని, కొంగుతో అందులోని ఫొటో తుడుస్తూ కూర్చునుంది. అక్క వెళ్ళి పక్కనే కూర్చుంది. తిడుతుందనుకుంది.

"నిన్నడిగాడా తోడు రమ్మని?" అంది అమ్మ.

"అడిగాడమ్మా."

"నేనూ ఇంట్లోనే ఉన్నాగా. నన్నెందుకడగలేదే?"

అక్క గుప్పిట్లో చెక్కబద్ద చెమటకి జారిపోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది.