రేడియోగాడి మౌనం

ఆ క్యాథలిక్ మగపిల్లల హైస్కూల్లో పదో తరగతి మొదలైన రోజే లెక్కల సారు వాడికి రేడియో అని పేరు పెట్టేశారు. పెట్టక ఏం చేస్తారు పాపం. హాజరు పిలిస్తే మిగతా వాళ్లంతా ఒక్క మాట పలికి కూర్చుంటారు. వీడు మాత్రం ఏ దారిన వచ్చాడో, దారిలో ఏ కుక్క ఎవర్ని తరిమిందో, చివరికి ఎవరు గోడెక్కారో అంతా చెప్పిగానీ కూర్చోడు.

వాడిని మాన్పించడానికి ఆ ఏడాది జరగని ప్రయత్నం లేదు. ముందు బెంచీలో కూర్చోబెడితే సారుతో మాట్లాడాడు. వెనక బెంచీకి పంపితే గోడకానుకుని నిద్రపోయే వాళ్లను లేపి మరీ మాట్లాడాడు. కిటికీ పక్కన వేస్తే తోటమాలితో స్నేహం కుదిరింది. అర్ధసంవత్సర పరీక్షలయ్యే నాటికి వాడు కూర్చోని బెంచీ లేదు, వాడి మాటకు తలనొప్పి రాని తల లేదు. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్తే కూడా తన పాపాలు రెండు నిమిషాల్లో ముగించి, అవి చేయడానికి దారితీసిన పరిస్థితులు వివరించడం మొదలుపెట్టేవాడు. లోపలున్న ముసలి ఫాదర్ వినలేక, ముందే క్షమించి పంపించేసేవారు.

అసలు సంగతి ఎవరికీ తెలియదు గానీ, వాడి తప్పు పెద్దగా లేదు. వాళ్లమ్మ ఆస్పత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. వీడు ఇంటికి చేరేసరికి అమ్మమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉండేది. ఆ ఇంట్లో తలుపు గడియ పెట్టాలన్నా దొంగలా పెట్టాలి. పాపం, ఇంట్లో మింగిన మాటలన్నీ బళ్లో కక్కేవాడు.

ఆ బళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది చివర్లో పదో తరగతి పిల్లలకూ, ఫాదర్లకూ సార్లకూ కలిపి ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంది. ఫాదర్లు తెల్లంగీలు నడుం దాకా ఎగదోపుకుని మైదానంలో దిగుతారు. ఏడాదంతా బెత్తం పట్టుకున్న మనిషి కాళ్ల కిందనుంచి బంతి లాక్కునే అవకాశం మళ్లీ జన్మలో రాదు కాబట్టి, దానికోసం పిల్లలు ఏడాదంతా ప్రాణం పెట్టి సాధన చేసేవారు. రేడియోకి జట్టులో చోటు లేదు. గీత బయట నిలబడి, ఎవరూ అడక్కుండానే ఆట మొత్తం గుక్క తిప్పుకోకుండా వర్ణించేవాడు. లోలోపల మాత్రం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి గీత లోపల నిలబడాలని వాడికి చచ్చేంత కోరిక.

ఆ కోరిక తీరే దారి మెట్ల దగ్గర దొరికింది. గోల్‌కీపర్‌గా ఉన్న కుర్రాడు మెట్ల కమ్మీ మీదనుంచి జారుతూ కింద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఏడాదంతా మైదానం పక్కన ఉండి ఆటంతా కంఠతా పట్టినవాడు రేడియో ఒక్కడే. కెప్టెన్ గత్యంతరం లేక వాడిని పిలిచి, గోల్‌లో నిలబడమన్నాడు. రేడియో ఆ రాత్రి అమ్మమ్మ చెవిలో గుసగుసగా చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు.

అంతా బాగానే ఉందనుకునే సమయానికి హెడ్మాస్టర్ ఫాదర్ బాంబు పేల్చారు. పరీక్షలకు ముందు ప్రతి ఏటా పదో తరగతికి రిట్రీట్ ఉంటుంది. మూడు రోజులు పాఠాలు ఉండవు. ప్రార్థనలు, ప్రసంగాలు, మిగతా వేళంతా మౌనం. కిందటేడు పిల్లలు ఆ మౌనంలో గుసగుసలాడి, ప్రసంగం చెప్పడానికి వచ్చిన అతిథి ఫాదర్ ముందు హెడ్మాస్టర్ ఫాదర్ పరువు తీశారట. అందుకని ఈసారి ఆయన తరగతికొచ్చి, మూడు రోజుల్లో ఏ ఒక్కడి నోట ఒక్క మాట వినబడినా మ్యాచ్ లేదని ప్రకటించారు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. తరగతి తరగతంతా తల తిప్పి రేడియో వంక చూసింది.

కెప్టెన్ వాడిని పక్కకి లాక్కెళ్లి గడ్డం పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతాన్రా. మూడే రోజులు. నీ ఒక్కడి నోటివల్ల మ్యాచ్ పోతే ఈ జన్మలో నీ మొహం చూడను."

మొదటి రోజు రేడియో జేబురుమాలు నోట్లో కుక్కుకుని గడిపాడు. రెండో రోజు కళ్లు ఎర్రబడ్డాయి. అతిథి ఫాదర్ అంగీ గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చారు. చెప్పడానికి లేదు. ప్రార్థన జరిగే చాపెల్ కిటికీ రెక్క ఊడిపోయేలా ఊగుతోంది. అదీ చెప్పడానికి లేదు. అయినా కిమ్మనలేదు. మూడో రోజు సాయంత్రానికి వాడు ఉలుకూ పలుకూ లేకుండా, అచ్చం పీఠం పక్కనున్న పునీతుడి విగ్రహంలా తయారయ్యాడు. ఇక మిగిలింది ఆఖరి ప్రార్థన. అది అయిపోతే మ్యాచ్ చేతికొచ్చినట్టే.

చాపెల్‌లో దీపాలార్పి, నడవ పొడవునా కొవ్వొత్తులు వెలిగించారు. హెడ్మాస్టర్ ఫాదర్ కళ్లు మూసుకుని, చేతిలో జపమాల తిప్పుతూ ఆ నడవలో మెల్లగా నడుస్తున్నారు. ఆయన నల్ల నడికట్టు చివర వెనకాల వేలాడుతూ ఒక కొవ్వొత్తిని ముద్దు పెట్టుకుంది. అంటుకుంది.

అందరూ చూశారు. ఒక్కడూ నోరు విప్పలేదు. కొందరు చేతులు ఊపారు, కొందరు ఆయన వెనక భాగం వైపు వేళ్లు చూపించారు, ముందు బెంచీలోని లావు కుర్రాడు నిజమైన భక్తితో మోకరించి జపమాల అందుకున్నాడు. ఈ సందడికి ఫాదర్ ఒక కన్ను తెరిచారు. ఆఖరి క్షణంలో కోతివేషాలేమిటని వేలు చూపించి బెదిరించి, మళ్లీ కళ్లు మూసుకుని, వెనకాల పొగ వదులుతూ గంభీరంగా ముందుకు సాగారు.

రేడియో కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. రేడియోకి గోల్ కనబడింది, గీత కనబడింది, ఏడాదంతా తాను బయట నిలబడ్డ చోటు కనబడింది. ఆ తర్వాత మంట అంగీ అంచుకి పాకడం కనబడింది.

"ఫాదర్, మీకు నిప్పంటుకుంది, పరిగెత్తకండి, గాలికి ఇంకా మండుతుంది, మా అమ్మ చెప్పింది" అంటూ బెంచీ దూకి, పీఠం ముందున్న పూలకూజా ఎత్తి నీళ్లూ పూలూ కలిపి ఆయన మీద కుమ్మరించాడు. మంట ఆరింది. వాడి నోరు ఆగితే కదా. కిటికీ రెక్క ఊడబోతోందని చెప్పాడు. అతిథి ఫాదర్ గుండీలు రెండు రోజులుగా తప్పుగానే ఉన్నాయని, చెప్పే దిక్కు లేక తాను నరకం చూశానని చెప్పాడు. మ్యాచ్ పోయిందని తనకు తెలుసని, తప్పు తన ఒక్కడిదేనని చెప్పి, భోరుమని ఏడ్చాడు.

ఫాదర్ తల మీద పువ్వొకటి అలాగే ఉంది. ఆయన కాలిన నడికట్టు చేతిలోకి తీసుకుని చూసి, వీడొక్కడే చూశాడా అని అందరినీ అడిగారు. కెప్టెన్ లేచి నిలబడి, మాట్లాడొచ్చా అని సైగ చేశాడు. నోరు తెరిచి ఏడవమన్నారు ఫాదర్.

"అందరం చూశాం ఫాదర్. ఒక్క మాట వినబడినా మ్యాచ్ లేదని మీరే అన్నారు కదా."

ఫాదర్ తడిసిన అంగీతో బెంచీ మీద కూలబడ్డారు.

"మీకు క్రమశిక్షణ రావడం లేదని ఇన్నాళ్లూ దిగులుపడ్డానురా. ఇంత బాగా వచ్చేసిందనుకోలేదు."

ఆయన అన్న మాట మొదటిసారి వెనక్కి తీసుకున్నారు. మ్యాచ్ ఉందన్నారు.

అయినా రేడియో గుండెలో బెరుకు పోలేదు. ఫాదర్ మనసు కరిగింది కాబట్టి సరిపోయింది గానీ, తన నోరు తరగతి మొత్తాన్నీ ముంచబోయిన మాట నిజమే కదా. మ్యాచ్ రోజు కెప్టెన్ కూడా, ఇవాళైనా నోరు మూసుకుని బంతి పట్టుకోమని మరోసారి హెచ్చరించాడు. అందుకని వాడు బిగించిన పెదాలతో గోల్‌లో నిలబడ్డాడు. కాసేపటికే డ్రిల్ మాస్టారు ఒక గోల్ కొట్టారు. ఆయన్ని ఎవరూ కాయకుండా వదిలేయడం రేడియోకి ముందే కనబడింది, చెప్పలేదు. మనవాళ్లిద్దరు ఒకే బంతికి పరిగెత్తి తలలు ఢీకొట్టుకున్నారు. అదీ ముందే కనబడింది, చెప్పలేదు. హెడ్మాస్టర్ ఫాదర్ అంగీ ఎగదోపుకుని రెండో గోల్ కొట్టి, చిన్నపిల్లాడిలా గెంతులేశారు.

విరామంలో రేడియో గోల్ స్తంభం పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. గీత లోపలికొచ్చి కూడా ఇంత దిక్కులేనివాడినయ్యానా అనుకున్నాడు. కెప్టెన్ వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. తిడతాడని వాడు తల వంచుకున్నాడు.

"నోరు విప్పరా బాబూ," అన్నాడు కెప్టెన్. "ఏడాదంతా నువ్వు బయటినుంచి వాగుతుంటేనే ఆడాం మేము. నువ్వు నోరు మూసుకుంటే మాకు ఎవడెక్కడున్నాడో కనబడి చావట్లేదు."

రేడియో బుర్ర ఊపాడు.

రెండో సగంలో మాత్రం ఇక పట్టపగ్గాలు లేవు. ఎడమకి, వెనక్కి, వదిలెయ్, వాడు నీ నీడలోనే ఉన్నాడు చూసుకో అంటూ మైదానం దద్దరిల్లేలా అరిచాడు. మనవాళ్లు ఒక గోల్ కొట్టారు, ఆ తర్వాత ఇంకొకటి. ఇక ఆఖర్లో హెడ్మాస్టర్ ఫాదర్ బంతితో ఒంటరిగా దూసుకొచ్చారు. రేడియో చేతులు చాచి నిలబడి, ఆయన బూట్ల వైపు చూసి, అలవాటుకొద్దీ లేసు ఊడింది, పడిపోతారు ఫాదర్ అన్నాడు. చాపెల్ సంగతి తర్వాత ఆయన ఈ కుర్రాడి మాట నమ్మకుండా ఉండలేరు. టక్కున ఆగి చూసుకున్నారు. నిజంగానే ఊడింది. ఆయన వంగి ముడి వేసుకునేలోగా రేడియో వచ్చి బంతి ఎత్తుకుని అవతలికి తన్నాడు.

మ్యాచ్ చెరి సమానంగా ముగిసింది. ఇళ్లకు వెళ్తూ తరగతంతా ఒకే గుంపుగా నడిచింది. మధ్యలో రేడియో, బొంగురు గొంతుతో మొదటి నిమిషం నుంచీ ఆటంతా మళ్లీ చెబుతూనే ఉన్నాడు. అందరూ స్వయంగా ఆడిన ఆటే అది. అయినా వాడి ఇంటి గుమ్మం దాకా వెంట వచ్చారు, ఒక్కడూ నోరు మూసుకోమనలేదు.