సీట్లు లేని సైకిళ్ళు

జూన్ పన్నెండు. ఆ మధ్యాహ్నం బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు తిన్నాను. ఇంత చిన్న సంగతి ఎందుకు గుర్తుందంటే, సాయంత్రం సైకిల్ షెడ్డులో అదంతా కక్కేశాను.

మాది రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీ. నేను తూకం గుమాస్తాని. నా భార్య పోయాక ఆమె సైకిలే తొక్కుతున్నాను. లేడీస్ సైకిల్ కాబట్టి ఆడవాళ్ళ షెడ్డులోనే పెట్టుకోమని ఒలుపు బల్లల దగ్గరి ఆడవాళ్ళు ఆటపట్టించారు. నాకూ అదే అలవాటైంది.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి వెళ్ళేసరికి ప్రతి సీటు మీదా నల్లగా, జిగటగా ఏదో పూసి ఉంది. కుళ్ళిన రొయ్య తలలు మురుగులో పిసికి చేసిన ముద్ద. అందులో పురుగులు కదులుతున్నాయి. నా సీటుకి నా భార్య కుట్టిన గుడ్డ తొడుగు మీదా అదే. చూసుకోకుండా ఎక్కి కూర్చున్న ఒక నిండు గర్భిణి, బట్టలనిండా ఆ మురికితో దిగి, ఎటు తిరగాలో తెలియక గోడకేసి నిలబడింది. పక్కామె తన పైగుడ్డ విప్పి ఆమె నడుముకి చుట్టింది. గేటు దగ్గర మేస్త్రీ, అతని మనుషులు పళ్ళికిలించారు.

"వ్యాన్ ఎక్కండమ్మా. మెత్తటి సీట్లు" అన్నాడు మేస్త్రీ.

ఆ వ్యాన్ సంగతి చెప్పాలి. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కంట్రాక్టర్ కొత్తగా కొన్నాడు. అందులో ఎక్కినవాళ్ళు అతను పొమ్మన్నప్పుడే ఇంటికి పోవాలి. సరుకు ఎక్కువొచ్చిన రోజు వ్యాన్ కదలదు; ఐసు నీళ్ళలో వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా ఒలవాల్సిందే. సైకిలున్న మనిషి షిఫ్టు గంట కొట్టగానే చేతులు కడుక్కుని పోతుంది. ఇంటికి పోయే దారి ఎవరి చేతిలో ఉంటే రోజంతా వాళ్ళదే. ఈ ముక్క కంట్రాక్టర్‌కీ తెలుసు, ఆడవాళ్ళకీ తెలుసు. అందుకే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, వేరు వేరు దేవుళ్ళకి మొక్కేవాళ్ళు, ఒకరి మాట ఒకరికి అర్థం కానివాళ్ళు కూడా ఒకరికొకరు సైకిల్ నేర్పుకున్నారు. వెనక కారియర్ పట్టుకుని పరిగెత్తడానికి భాష అక్కర్లేదు.

అయితే అందరి సైకిళ్ళూ ఆ షెడ్డులో ఉండవు. కాలువలూ మరుగుదొడ్లూ కడిగే ఆడవాళ్ళవి మరుగుదొడ్ల గోడ వెనక ఉంటాయి. అలా పెట్టమని కంట్రాక్టర్ చెప్పలేదు. బల్లల దగ్గరి ఆడవాళ్ళే ఆ ఏర్పాటు చేశారు.

వారమంతా సీట్ల మీద ఆ ముద్ద పడుతూనే ఉంది. శనివారం భోజనాల వేళ కంట్రాక్టర్ వచ్చాడు. ముక్కుకి సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని, ఈ ఫ్యాక్టరీలో మురుగు ముట్టుకునే చేతులు ఎవరివో మీకు తెలియదా అని అడిగాడు. అందరి చూపూ గమ్‌బూట్ల అక్క మీదకి పోయింది. కాలువలు కడిగేవాళ్ళలో ఆమె పెద్దది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుంటుంది కాబట్టి ఆ పేరు. సీట్ల మీద ఇంకొక్కసారి మురుగు పడితే ఆమెని పనిలోంచి తీసేస్తాననీ, శుభ్రత కోసం సైకిల్ షెడ్డు మూసేస్తాననీ, ఆపైన అందరూ వ్యాన్‌లోనే రావాలనీ చెప్పి వెళ్ళిపోయాడు.

సీట్ల మీది పురుగుల కంటే నాకు ఎక్కువ వెగటు పుట్టించింది ఆ తర్వాత చూసిందే. ఒకరి కారియర్ ఒకరు పట్టుకుని పరిగెత్తిన మనుషులు తలలాడించారు. వాళ్ళకి మనమంటే కడుపుమంట అని ఒకామె అంది. వాళ్ళ బుద్ధే అంత అని ఇంకొకామె. బల్లల దగ్గర అందరికన్నా పాతామె, అందరూ పెద్దమ్మ అనేది, లేచి వెళ్ళి అక్కని మొహం మీదే అడిగింది.

"నువ్వే చేశావా?"

అక్క నోట్లో అన్నం ముద్ద నమిలి మింగింది. "వచ్చి చూడండి" అంది.

గోడ వెనక్కి వెళ్ళాం. చాలామంది ఆ వైపు అడుగు పెట్టడం అదే మొదలు. అక్కడ కడిగేవాళ్ళ సైకిళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతి సీటు మీదా అదే ముద్ద. కాగితాలతో తుడిచిన చారల మీద మళ్ళీ పూత, దాని మీద ఎండిన పూత.

"మొదటిరోజు నుంచీ మాకూ పూస్తున్నారు" అంది అక్క.

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమంటారు పెద్దమ్మా? ఆ కంపు మా ఒంటిదేనంటారు. మీ సీటు మీద పడితే నేరం. మా సీటు మీద ఉంటే మామూలే."

పెద్దమ్మ ముక్కు మీంచి చెయ్యి తీసింది. దగ్గరున్న సైకిల్ పట్టుకుని షెడ్డు వైపు నడిపించింది. అక్కడ చోటెక్కడుందని ఒకామె గొణిగితే, నీ సైకిల్ ఒళ్ళో పెట్టుకో, చోటొస్తుంది అంది. గొడవైంది. షెడ్డులో కలిపి పెడితే మాత్రం పూసేవాడు మానతాడా అని కొందరు. కాపలా ఉంటే కంట్రాక్టర్ జీతం కోస్తాడని కొందరు. చివరికి అక్కే తేల్చింది.

"సైకిల్ ఎక్కడుంటే ఏం. సీటు మనతో ఉంచుకుందాం."

సోమవారం గేటు బయట ఒకే పానా చేతులు మారింది. బోల్టు వదులు చేసి, సీటుని కింది కడ్డీతో సహా పైకి లాగి, బిడ్డని ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని లోపలికి నడిచారు. ఒలుపు హాల్లో స్టీలు బల్లల చివర, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఒలిచేవాళ్ళవీ కడిగేవాళ్ళవీ పక్కపక్కనే పెట్టారు. నాదీ అక్కడే పెట్టాను.

మధ్యాహ్నం మేస్త్రీ మనిషి బకెట్‌తో షెడ్డులోకి పోయాడు. పూయడానికి సీటు లేదు. మోచేతుల దాకా నల్లగా, బుర్ర గోక్కోలేక నిలబడ్డవాణ్ణి ఆడవాళ్ళు చుట్టుముట్టారు. కొట్టాలన్నారు. బకెట్ నెత్తిన బోర్లించాలన్నారు. అక్క వాడికి సబ్బుముక్క ఇచ్చింది.

"ముందు చేతులు కడుక్కో. అన్నం తినాలి కదా."

వాడు ఏడుస్తూ కడుక్కున్నాడు. మేస్త్రీ చెప్పాడు, మేస్త్రీకి కంట్రాక్టర్ చెప్పాడు అన్నాడు.

కంట్రాక్టర్ పరిగెత్తుకొచ్చాడు. జనం తినే సరుకు పెట్టే బల్లల మీద ఇవేమిటని అరిచాడు. శుభ్రం అంటే ఏమిటో మీకూ తెలుసా బాబూ అని పెద్దమ్మ అడిగితే హాలంతా నవ్వింది. ఆ నవ్వు అతనికి తగిలింది. పోలీసులకి ఫోన్ చేశాడు. గమ్‌బూట్ల అక్క తన మనిషిని కొట్టిందని ఫిర్యాదు.

చదువుకున్నవాణ్ణని ఎస్సై నన్ను పిలిచి, సాక్షి సంతకం పెట్టమన్నాడు. చూసింది చెప్పాను: ఆమె సబ్బిచ్చింది. సబ్బు సంగతి అక్కర్లేదన్నాడు. అదొక్కటే జరిగిందన్నాను. కాగితం నా చేతిలోంచి లాక్కుని మేస్త్రీకిచ్చాడు. అతను చదవకుండానే సంతకం పెట్టాడు.

అక్కని జీపెక్కిస్తుంటే అందరూ బయటికి ఉరికారు. ఆ సందడిలో మేస్త్రీ ఒలుపు హాలుకి తాళం వేశాడు. సీట్లు లోపల ఉండిపోయాయి.

"ఇప్పుడెలా పోతారో పోండి. లేదంటే వ్యాన్ ఉంది" అన్నాడు కంట్రాక్టర్.

పెద్దమ్మ తన సైకిల్ తీసింది. సీటు ఉండాల్సిన చోట గొట్టం నోరు తెరుచుకుని ఉంది. పెడల్ మీద కాలు పెట్టి లేచి నిలబడింది.

"కూర్చోకపోతే పోదా ఏం?"

అందరూ పోలీస్ స్టేషన్ వైపు నిలబడే తొక్కారు. నేనూ తొక్కాను. మోకాళ్ళు మండిపోయాయి. దారిలో జనం మొదట నవ్వారు. ఐసు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తున్న ఆడవాళ్ళు ఏమైందని అడిగారు. మాలో ఒకామె వాళ్ళ పక్కనే తొక్కుతూ, ఆయాసపడుతూ చెప్పింది. విన్న ఒకావిడ తన సైకిల్‌కి సీటున్నా పైకి లేచి నిలబడింది. తర్వాత ఆమె వెనకున్నవాళ్ళూ లేచారు. స్టేషన్ చేరేసరికి రోడ్డు మీద కూర్చుని తొక్కే ఆడమనిషి లేదు.

పొద్దున చూద్దాం, పొమ్మన్నాడు ఎస్సై. ఎవరూ పోలేదు. కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది.

"నన్ను ఉంచుకున్నా, వదిలినా, రేపు సీట్లు బల్లల మీదే ఉండాలి. విన్నారా?"

విన్నామన్నారు. చాలా భాషల్లో ఒకేసారి అన్నారు.

చీకటిపడ్డాక స్టేషన్‌కి ఎదురుగా ఉన్న కుట్టుపని ఆవిడ, ఎవరూ అడగకుండానే, తన కొట్టు తెరిచింది. మిషన్ గోడకి జరిపి నేల మీద చాపలు పరిచింది. ఆడవాళ్ళు లోపల, నేను అరుగు మీద. ఒలిచేవాళ్ళలో ఒకామె కడిగేవాళ్ళ పక్కనుంచి కిటికీ దగ్గరికి జరిగింది. చూసి అసహ్యమేసింది. ఇంకా చాలా తొక్కాలి అనుకున్నాను. రేపు తామూ పనికి పోమని ఐసు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది.

వాన పడేలా ఉంది. కుట్టుపని ఆవిడ కత్తిరింపు గుడ్డలు గుప్పెట నిండా తెచ్చి, స్టేషన్ గోడకి ఆనించిన సైకిళ్ళ దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు దిగకుండా ఒక్కో గొట్టంలోనూ కాస్త గుడ్డ కుక్కింది. తర్వాత లోపలికి వచ్చి, ఎవరికీ మెలకువ రాకుండా మెల్లగా తలుపు వేసింది.