సారంగపాణి ఊదిన బొమ్మ

పెళ్లయి నెల కూడా కాలేదు. డోర్నకల్‌లో పెద్దమ్మ ఇంట్లో విందు తిని, వరంగల్ స్టేషన్‌లో దిగి, నేనూ మా ఆయన భానుచందరూ ఒకే కప్పులో చాయ్ తాగుతున్నాం. ఒక గుక్క ఆయన, ఒక గుక్క నేను. ఇంత చిన్నదానికి అంత సంతోషమేమిటని అడగకండి. కొత్త పెళ్లికూతుర్ని.

అప్పుడే మా ముందు ఒక పెద్దాయన కుప్పకూలాడు. ఊపిరి లేదు. భాను ఆఫీసులో సీపీఆర్ నేర్చుకున్నాడు. కప్పు నా చేతిలో పెట్టి ఉరికాడు. ఛాతీ నొక్కాడు, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదాడు, మళ్లీ నొక్కాడు. పడిపోయినాయన తమ్ముడు పక్కనే నిలబడి, తన ముక్కుకీ నోటికీ దస్తీ అడ్డం పెట్టుకుని, "ఊదు తమ్మీ, ఇంకా గట్టిగ ఊదు" అంటున్నాడు. ఆ దస్తీ ఎందుకో నాకప్పుడు తట్టలేదు. అంబులెన్స్ వచ్చేసరికి పెద్దాయనలో కదలిక వచ్చింది. గర్వంతో నా కళ్లు నిండిపోయాయి.

రెండ్రోజులకు ఆ పెద్దాయన రామలింగం భార్య సావిత్రమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీ వేసినా కూచోలేదు.

"బిడ్డా, ఆయన పానం నిలబడ్డది గని, ఆయనకు టీబీ ఉన్నది. మందులు నడుమల బంద్ పెట్టిండు. మీ ఆయనకు జర పరీక్ష చేపియ్యి. మా మరిది సారంగపాణికి అంతా ఎరికే. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, చెప్తే ముట్టుకుందురా వదినా అన్నడు."

ముట్టుకునేవాడే! అదే నా కడుపుమంట. ఊదకుండా, ఉత్త చేతులతో ఛాతీ నొక్కినా మనిషి నిలబడొచ్చని భానుకు తెలుసు. ఒక్క మాట చెప్తే నోరు పెట్టకుండా నొక్కేవాడు.

"అంటుకునే అవకాశం తక్కువే. కానీ ఇప్పుడే తేలదు. రెండు నెలలాగి పరీక్ష చేద్దాం. అప్పటిదాకా మామూలుగా ఉండండి" అన్నాడు డాక్టర్. భాను వింటేగా! ఆ రోజునుంచే చాప హాల్లో వేసుకున్నాడు. గ్లాసు వేరు, కంచం వేరు. దగ్గరికి పోతే, "నీకేమన్న అయితే నేనేం గావాలె?" అని మొహం తిప్పుకుంటాడు. పొద్దున ఆయన ఒక్కసారి దగ్గితే నా పానం పోయినంత పనయ్యేది. అలా ప్రతి దగ్గుకూ సారంగపాణిని తిట్టుకున్నాను. తిట్లతో కడుపు నిండలేదు.

అంతలో ఆ సారంగపాణే ఫోన్ చేశాడు. కేసముద్రంలో పత్తి వ్యాపారి. తోటి వ్యాపారులందరినీ పిలిచి భానుకు సన్మానం చేస్తాడట.

"మా అన్నను బతికిచ్చిండు చెల్లె. శాలువ కప్పకపోతే ఎట్ల?"

"తప్పకుండ వస్తం అన్నా" అన్నాను తేనె పూసి.

నా దోస్తు అరుణ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తుంది. సీపీఆర్ నేర్పే బొమ్మను దాని దగ్గర అడిగి తెచ్చాను. అరుణ బొమ్మ మొహానికి కొత్త తొడుగు వేసి, స్పిరిట్‌తో తుడిచి, "దీని మూతి నీ మూతి కన్న శుభ్రమే" అన్నది.

సన్మానంలో మైకు సారంగపాణిదే. "నేను గట్టిగ ఊదుమనకపోతే మా అన్న దక్కునా?" అన్నాడు. నేను బొమ్మను ముందు పెట్టాను.

"ఎట్ల ఊదాల్నో మీరే చూపెట్టుండ్రి అన్నా."

అంతమంది ముందు కాదనలేక వంగి ఊదాడు.

"ఇంకా గట్టిగ అన్నా!"

బుగ్గలు పొంగించి ఊదాడు. చప్పట్లు మోగాయి. అప్పుడు మైకు అందుకున్నాను.

"నిన్న దీంట్ల ఊదినాయనకు టీబీ ఉన్నది అన్నా."

ఆయన భానుకు కప్పాల్సిన శాలువాతోనే మూతి తుడుచుకున్నాడు. "ముందుగాల చెప్పద్దా?" అని అరిచాడు.

"చెప్తే ఊదుదురా?"

ముందు నవ్వింది సావిత్రమ్మ. తర్వాత కుర్చీలన్నీ నవ్వాయి.

మర్నాటినుంచి సారంగపాణి ఫోన్లు. "ఎవరు చెల్లె ఆయన? నిజంగనే ఉన్నదా?" "నాకేమెరిక అన్నా" అనేదాన్ని. "అబద్ధమని చెప్పరాదే, పాపం" అని భాను బతిమాలాడు. "నీ పరీక్ష అయినంక సూద్దాం" అన్నాను.

రెండు నెలలు గడిచాయి. భానుకు ఏమీ లేదు. దవాఖాన మెట్ల మీదే నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాడు. జనం చూస్తున్నా సిగ్గనిపించలేదు. ఆ సంబరంలోనే సారంగపాణికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "ఇగ చెప్పు, లతా."

"అన్నా, మా ఆయనకు ఏం లేదట."

"మంచిదమ్మా. మరి... నాకు?"

ఆ ప్రశ్న నాకు ఎంత తియ్యగా ఉందో!

"మీరు సుత పరీక్ష చేపిచ్చుకోండ్రి అన్నా. డాక్టర్ శాన మంచోడు" అని పెట్టేశాను.