అట్ట మీద కూర్చున్న ముక్క

కాన్ థో ఊళ్లో బండి చొక్కా పగిలిందంటే కియెట్ దగ్గరికే తేవాలి. బండికుండే ప్లాస్టిక్ తొడుగుని అక్కడందరూ చొక్కా అనే అంటారు. కియెట్ లోపలివైపు సన్నటి ఇనుప జాలీ పెట్టి, కాల్చిన పనిముట్టు మొనతో అందులోకి ప్లాస్టిక్ కరిగించి, రుద్ది రంగు వేశాడంటే చీలిక ఎక్కడుందో పగలగొట్టినవాడు కూడా చూపించలేడు. ఎదుటివాళ్లు మెచ్చుకునేదాకా ఆగే ఓపిక లేక ఆ మాట తనే చెప్పుకుంటాడు.

ఆ ఉదయం సందు మొదట్లో కాఫీ అమ్మే థోవా వచ్చింది. తొమ్మిది రోజుల కిందట ఆమె మొగుణ్ణి వంతెన దగ్గర ఎవడో బండితో గుద్ది పారిపోయాడు. ఆ మనిషి ఇంకా కళ్లు తెరవలేదు. థోవా రుమాలు విప్పి నీలం ప్లాస్టిక్ ముక్క ఒకటి బల్లమీద పెట్టింది.

"కాలవగట్టు గడ్డిలో దొరికింది బాబాయ్. పదకొండు కొట్లు తిరిగాను. ఏ బండిదో ఒక్కడూ చెప్పలేదు."

"వాళ్ల మొహం! ప్లాస్టిక్కుకీ పింగాణీకీ తేడా తెలీదు వాళ్లకి. ఇలా తే."

తొడుగులో ముక్క పోతే, ఆ ఖాళీని అట్టమీద గీసి కత్తిరించుకుని, పాత తొడుగులోంచి అదే ఆకారం కోసి అతకడం కియెట్ పద్ధతి. కిందటివారం కత్తిరించిన అట్ట ఇంకా బల్లమీదే ఉంది. చెయ్యి అలవాటుకొద్దీ ముక్కని తీసి దానిమీద పెట్టింది. ప్రతి వంపూ, ప్రతి నొక్కూ సరిపోయింది.

అది కొడుకు తీన్ బండి కోసం కత్తిరించిన అట్ట. 'పార్కింగులో పడిపోయింది నాన్నా' అన్నాడు వాడు. మూత తీసిన అసిటోన్ డబ్బా కియెట్ మోచేతి పక్కనే ఉంది. ముక్క అందులో పడితే గంటలో గంజి అయిపోతుంది. ఇక అడిగేవాడుండడు.

"మీ దగ్గరే ఉంచండి బాబాయ్, నాకు ధైర్యంగా ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లాలి" అని థోవా గడప దాటింది.

"థోవా!" ఆ గొంతు తనదేనా అనిపించింది కియెట్‌కి. "అది మా తీన్ బండిదమ్మా. అతికింది నేనే. నాకు తెలీదు, మా అమ్మ మీద ఒట్టు, తెలీదు."

థోవా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"తీనా?" అంది. "నన్ను అన్నం తినిరా అక్కా అని పంపించి రోజూ ఆయన పక్కన కూర్చునేది తీనే బాబాయ్. పని మానేసి వస్తున్నానని తెలిస్తే తిడతారు, నాన్నకి చెప్పొద్దన్నాడు." ఆమె ఆసుపత్రి వైపు చూసింది. "ఇప్పుడూ అక్కడే ఉన్నాడు."