ఐసుగది అలిగిన రోజు

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లెలో చేపలు కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, కూర్మమ్మ ఒడ్డు మీదికి వచ్చేదాకా బేరం మొదలయ్యేది కాదు. ఆమె చేప కంట్లోకి ఒకసారి, దాన్ని తెచ్చినవాడి కంట్లోకి ఒకసారి చూసేది. రెండిట్లో ఏది తేటగా లేకపోయినా ధర తగ్గేది.

రెండేళ్ళ కిందట ఆవిడ ఇంటి పక్కనే రేకు గోడల ఐసుగది కట్టించింది. లోపల తలుపు పక్కన ఒక తెల్లపెట్టె బిగించారు. గది ఎంత చల్లగా ఉండాలో ఆ పెట్టె చూసుకుంటుంది. గోడలోంచి బయటికి పెట్టిన చిన్న ఏంటెనా ద్వారా ఇంట్లోని వైఫైతో దానికి లంకె. విశాఖపట్నంలో ఉన్నా సరే ఫోన్లో చూసి డిగ్రీలు మార్చుకోవచ్చు.

పెట్టె మీద బటన్లు కూడా ఉన్నాయి. వాటికి తాళం పడడానికి కారణం కూర్మమ్మ మొగుడు నూకయ్య. మోకాళ్ళు అరిగి వేట మానేసిన నూకయ్య, మే నెల ఎండల్లో ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని ఐసుగదిలోకి దూరేవాడు. ఒక డిగ్రీ చలికి ఒళ్ళు కొంకర్లు పోతుంటే పెట్టెని ఇరవై నాలుగుకి తిప్పుకుని, చేపల మధ్య హాయిగా గుర్రు పెట్టేవాడు. రెండోసారి దొరికిన రోజున కూర్మమ్మ మనిషినీ కుర్చీనీ కలిపి బయటికి ఈడ్చింది. తర్వాత మేనకోడలు అరుణశ్రీ చేత ఫోన్లోంచి బటన్లకు తాళం వేయించింది. అరుణశ్రీ పక్కింట్లో ఉండే తమ్ముడు గంగులు కూతురు. డిగ్రీ చదివింది. అత్త వ్యాపారంలో ఫోను పనులన్నీ ఆ పిల్లవే.

ఆ బుధవారం పొద్దున రెండు గంటల పాటు కరెంటు పోయింది. వచ్చాక మోటారు ఆడింది, కాసేపటికి ఆగిపోయింది. పది గంటలకి తలుపు తీసిన కూర్మమ్మకి గాలి తేడా తెలిసింది. పెట్టె మీద తొమ్మిది అని అంకె వెలుగుతోంది. కరెంటు పోయి రావడంతో పెట్టె తన లెక్క మరిచిపోయి, కంపెనీవాడు మొదట పెట్టిన పది డిగ్రీలకి పోయి కూర్చుంది.

లోపల నాలుగు ట్రేల కోనాం చేపలు, రెండు ట్రేల పండుగప్పలు ఉన్నాయి. సాలూరులో లారీల యజమాని ఇంట్లో పెళ్ళి విందుకి అవి. సాయంత్రం నాలుగింటికి బండి వస్తుంది.

"అరుణా, బేగి దాన్ని ఒకటికి దించే," అంది కూర్మమ్మ.

అరుణశ్రీ ఫోను తెరిచింది. పెట్టె బొమ్మ బూడిద రంగులో ఉంది. కింద "ఆఫ్‌లైన్" అని రాసి ఉంది.

"అత్తా, పెట్టె నెట్టులో నేదు. పది రోజులై పలకట్లేదంట. మనం సూసుకోనేదు."

"పది రోజులా? మరి ఇన్నాళ్ళు సల్లగానే ఉన్నాది కదే?"

"ముందు సెప్పినదాని మీద అదే నడిసింది. ఇప్పుడు కొత్తగా సెప్దామంటే మన మాట దానికి అందదు. బటన్లకి మనమే తాళం ఏసినాం, దాన్ని మాత్రం అది మరిసిపోనేదు."

కూర్మమ్మ మొగుడి వైపు చూసింది. నూకయ్య అరుగు మీద కూర్చుని సముద్రాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

కూర్మమ్మ ముందు ఐసు ఫ్యాక్టరీకి ఆటో పంపింది. అక్కడా కరెంటు పోవడంతో ఆరు బుట్టల ఐసే దొరికింది. దాన్ని కోనాల మీద పరిపించి, తలుపు మూయించి, తన ఫోనులోంచి కంపెనీ నంబరుకి చేయించింది. పావుగంట సంగీతం విన్నాక ఒక ఆడగొంతు పలికింది.

"నమస్కారం. నా పేరు దుర్గాభవాని. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

అరుణశ్రీ స్పీకరు పెట్టి సంగతంతా చెప్పింది. అప్పటికే వీధిలో సగంమంది ఐసుగది ముందు చేరారు. పెట్టె మీద తడిగుడ్డ వేస్తే దారికొస్తుందని ఒకరు, నాలుగు తగిలిస్తే పలుకుతుందని ఇంకొకరు సలహా ఇచ్చారు. లక్ష్మణమ్మ అనే ముసలావిడ మాత్రం దిష్టి తగిలిందని తేల్చేసి నిమ్మకాయ తేవడానికి వెళ్ళింది.

"మేడమ్, ఈ మధ్య మీ వైఫై పేరు గానీ, పాస్‌వర్డ్ గానీ మార్చారా?" అని అడిగింది దుర్గాభవాని.

"నేదండీ."

అరుగు మీద నూకయ్య దగ్గాడు. కూర్మమ్మ ఆ దగ్గు ముప్పై ఏళ్ళుగా వింటోంది.

"మావా, ఏటి సేసినావు?"

"ఏటీ నేదే. కేబులు దేవేంద్ర వస్తే, పేరు మార్సమన్నాను. అంతే."

"ఏటని మార్పించినావు?"

"ఏదో పేరులే."

"వైఫై జాబితా తెరిచి, మీ ఇంటి పేరు కనిపిస్తుందేమో చదవండి మేడమ్," అంది ఫోనులో గొంతు.

అరుణశ్రీ తెరిచింది. చదవబోయి ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"సదవే," అంది కూర్మమ్మ.

"గంగులు దొంగ."

 గుంపులో ఎవరో ముక్కుతో నవ్వారు. చూడబోతే అక్కడున్న వాళ్ళలో ఎవరికీ ఆశ్చర్యం లేదు. పది రోజులుగా ఆ వీధిలో ప్రతి ఫోనులోనూ ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు వస్తూనే ఉంది. చదవగలిగిన వాళ్ళంతా చదివి, మర్యాదగా నోరు మూసుకున్నారు.

"దాని కిందే ఇంకోటుంది," అంది అరుణశ్రీ నీరసంగా. "గంగులు దొంగ ఫైవ్ జీ."

"ఆడు ఒట్టి దొంగ కాదే, ఐదింతలు దొంగ," అన్నాడు నూకయ్య, ఇక దాచి లాభం లేదని. "నా డబ్బులతో నెట్టు నేను కట్టుకుంటే, గోడవతల కూకుని ఆడు సినిమాలు సూస్తాడు. అందుకే పాసువర్డు మార్సి, పేరూ మార్సినాను. సిగ్గొస్తాదని."

దుర్గాభవాని గొంతు సవరించుకుంది. కంపెనీ నేర్పిన తెలుగుని ఎలాగో నిలబెట్టుకుంది. "మేడమ్, పెట్టెకి ఇంకా పాత పేరే గుర్తుంది. దాన్ని కొత్త పేరుతో కలపాలి. ఫైవ్ జీది ఈ పెట్టె పట్టుకోలేదు. కాబట్టి మీరు... రెండోది వదిలేసి, మామూలు గంగులు దొంగ మీద నొక్కండి."

ఈసారి నవ్వు వీధి చివరిదాకా పోయింది.

అరుణశ్రీ మాత్రం ఫోను వైపే చూస్తోంది. "అత్తా, నొక్కక్కర్నేదు. నా ఫోను దీనికి కలిసే ఉన్నాది."

"అదెలాగే? పాసువర్డు మీ మావకి తప్ప ఎవులికీ తెలీదు కదా?"

"మా నాన్న మొన్న ఏదో నొక్కి ఇచ్చినాడు. ఇంట్లో నెట్టు వస్తంటే మన నెట్టే అనుకున్నాను."

"సూసినావా! దొంగా కాదా?" అని నూకయ్య లేచి నిలబడ్డాడు. పది రోజుల్లో అతని మోకాళ్ళు అంత చురుగ్గా కదలడం అదే మొదలు.

"సర్లే, ఇప్పుడు పాసువర్డు సెప్పు."

నూకయ్య మళ్ళీ కూర్చున్నాడు. "నా పడవ నంబరే. రెండు నాలుగు ఒకటి ఎనిమిది."

ఫోను అది ఒప్పుకోలేదు. వెనక నుంచి కొట్టారు, ముందు సున్నా పెట్టారు. ఒప్పుకోలేదు. అరుణశ్రీ ఫోనులో వెతికితే పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట వరసగా చుక్కలే కనిపించాయి. దేవేంద్రకి చేస్తే విజయనగరంలో ఉన్నానని, రేపు గానీ రానని, నంబరు నూకయ్యే కొట్టుకున్నాడని చెప్పాడు. పన్నెండు దాటింది. పెట్టె మీద అంకె పదికి వచ్చింది.

"అయితే ఆ నంబరు తెలిసినోడు ఒక్కడే," అంది కూర్మమ్మ. పక్కింటి గోడ మీంచి కేకేసింది. "ఒరే గంగులూ!"

గంగులు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. అతనికి ఇంగ్లీషు అక్షరాలు రావు. జాబితాలో ఎక్కువ గీతలున్నదాని మీద నొక్కడమే అతని పద్ధతి. ఆ గీతల పక్కన ఏం రాసి ఉందో ఆ పూట కూతురు చదివితేనే తెలిసింది.

"నన్ను దొంగంటావా బావా? ఊరందరికీ సూపిస్తావా?"

"నా నెట్టు వాడుకుంతన్నావా నేదా?"

"గాల్లో ఉన్నదాన్ని వాడుకున్నాను. నీ ఇంట్లో దూరినానా? ఆ పేరు తీసేస్తేగానీ నంబరు సెప్పను."

"పేరు తియ్యాలంటే దేవేంద్ర రావాలంట. ఆడు రేపొస్తాడు," అంది కూర్మమ్మ.

"అయితే రేపే సెప్తాను."

కూర్మమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని గది దగ్గరికి లాక్కెళ్ళి, తలుపు తీసి, పైట్రే మీది ఐసు పక్కకి నెట్టింది. "ఈ కోనాలు ఎవులు పట్టినార్రా?"

గంగులు చూశాడు. మంగళవారం తెల్లారేసరికి వల నిండా తెచ్చినవి. అంత వేట పడి ఏడాదయింది. చేయి చాపి ఒకదాని మొప్ప ఎత్తి చూశాడు. ఎరుపు ఇంకా పోలేదు.

"ఇయ్యి కుళ్ళినాయంటే సాలూరు దాకా ఏటంటారు? నూకయ్య నెట్టు పాడైందంటారా? గంగులు సేపలు కంపంటారు. అప్పుడు ఏ దేవేంద్ర వచ్చి ఆ పేరు మారుస్తాడు?"

గంగులు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రెండు నాలుగు ఒకటి ఎనిమిది, మళ్ళీ రెండు నాలుగు ఒకటి ఎనిమిది. పాసువర్డుకి ఎనిమిది అంకెలు కావాలంటాది. బావకి ఆ పడవ నంబరు తప్ప లోకంలో ఇంకో నంబరు తెలీదు. మొదటిసారికే తగిలింది."

నూకయ్య ఆ ఎనిమిదీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. పెట్టె కింద సన్నటి రంధ్రంలో పిన్నీసు గుచ్చి ఐదు లెక్కపెడితే నీలం దీపం మినుకుమంటుంది. అప్పుడు ఫోను దాని పక్కనే ఉండాలి. కానీ రేకు గదిలోకి పోతే ఫోనుకి వైఫై అందదు. కూర్మమ్మ నూకయ్య చేత తలుపు జానెడు తెరిచి పట్టించింది. వైఫై డబ్బాని పొడుగు వైరుతో కిటికీలోంచి తెప్పించి గంగులుకి ఇచ్చింది. గంగులు దాన్ని నెత్తి మీదికెత్తి ఆ సందు ముందు నిలబడ్డాడు. లోపల అరుణశ్రీ దుప్పటి కప్పుకుని కూర్చుంది. దుర్గాభవాని బయట కూర్మమ్మ ఫోనులో చెబుతోంది, కూర్మమ్మ దాన్ని లోపలికి అరుస్తోంది.

"దీపం ఆగిపోయిందంట!"

"మళ్ళీ పిన్నీసు గుచ్చమనండి."

రెండుసార్లు తప్పింది. మూడోసారి కలుస్తుండగా నూకయ్యకి తుమ్ము వచ్చి తలుపు మూసుకుపోయింది.

"ఓలమ్మ, తలుపు ఒగ్గేసినారేటి!" అని ఫోనులోంచి కేక వినిపించింది. కంపెనీ తెలుగు పూర్తిగా జారిపోయింది. "ఆ తలుపట్టుకున్నాయన్ని తీసి ఇంకెవుల్నైనా ఎట్టండమ్మా!"

కూర్మమ్మ ఫోను వైపు మొదటిసారి ఆప్యాయంగా చూసింది. "ఏ ఊరే నీది?"

"సాలూరండి. సూపర్వైజరు వింటాడు, పని కానియ్యండి."

కూర్మమ్మే తలుపు పట్టుకుంది. నాలుగోసారి నీలం దీపం నిలిచింది. లోపలినుంచి అరుణశ్రీ "కలిసింది" అని అరిచింది. ఒకటికి దించగానే మోటారు గుర్రుమంది. గంట తర్వాత అంకె ఐదుకి దిగింది, మూడింటికి రెండు అయింది.

నాలుగు దాటాక సాలూరు బండి వచ్చింది. పెళ్ళివారి తరఫున వచ్చిన ధనరాజు కోనాలన్నీ తిప్పి చూసి మారు మాట్లాడకుండా ఎక్కించుకున్నాడు. పండుగప్పల్లో నాలుగు మెత్తబడ్డాయి. వాటిని కూర్మమ్మ తనే పక్కకి తీసేసింది. ఆ సాయంత్రం రెండిళ్ళకీ అదే పులుసు. నూకయ్య, గంగులు ఒకే అరుగు మీద ఎడమొహం పెడమొహంగా కూర్చుని తిన్నారు.

మర్నాడు దేవేంద్ర వచ్చి, ఏం పేరు పెట్టమంటారని అడిగాడు.

"నూకయ్య పిసినారి అని ఎట్టు," అన్నాడు గంగులు.

"నోర్మూసుకోండెహె," అంది కూర్మమ్మ. "కూర్మమ్మ సేపలు అని ఎట్టు బాబూ. పాసువర్డు నేను సెప్తాను, ఈ ఇద్దర్నీ అవతలికి పొమ్మను."

ఇద్దరూ లేచి ఒడ్డు వైపు నడిచారు. పేరు మారింది కాబట్టి పెట్టె మళ్ళీ ఆఫ్‌లైన్ అయింది. కూర్మమ్మ తలుపు పట్టుకుంది, దేవేంద్ర వైఫై డబ్బా ఎత్తి పట్టుకున్నాడు, అరుణశ్రీ దుప్పటి కప్పుకుని, పిన్నీసు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఈసారి ఎవరికీ ఫోను చేయలేదు, పది నిమిషాల్లో బయటికి వచ్చేసింది.