వారిజ పడిపోయారు

“ఔ, అది పాడైంది. పదకొండింటికి రా, అది ఇంట్లనే ఉంటది” అని మా ఆయన వామన్‌రావు ఫోన్‌లో అంటున్నప్పుడు నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. మొదటి ‘అది’ నీళ్ల ఫిల్టరు. రెండో ‘అది’ నేను. రెండింటినీ ఒక్క ఊపిరిలో అనేసి ఆయన మళ్లీ చాయ్ అందుకున్నారు. చూశారా, నేను మాత్రం ‘అందుకున్నారు’ అనే రాస్తున్నాను. ఇరవై ఒక్కేళ్ల అలవాటు, చేయి దానంతటదే రాస్తుంది.

“ఇయ్యాల నేనుండనండీ. పదకొండింటికి మీటింగుంది, నిన్ననే చెప్పిన” అన్నాను.

“గా ఆటల ఆఫీసులనేనా? జర లేటుగ పోతే ఏమైతది? వీడియో గేములు ఏమన్న పారిపోతయా?”

హిమాయత్‌నగర్‌లో కూతురింటికి పోవడానికి చీర మార్చుకుని వచ్చిన అత్తమ్మ కూడా ఒక మాట వేశారు. “పిల్లలు ఆడుకునే బొమ్మల పని. దానికి ఇంత ఉరుకులాట ఏందో!”

జవాబు చెబితే వాదన అవుతుంది, వాదనైతే కూర మాడుతుంది, కూర మాడితే అదీ నా లెక్కలోకే వస్తుంది. తాలింపు పెట్టి, ఆయనకు డబ్బా కట్టి, అత్తమ్మకు మాత్రలు తీసి సంచిలో వేసి, ఆటో ఎక్కించాను. ఆయన ఆబిడ్స్‌లోని తన కళ్లద్దాల దుకాణానికి వెళ్తూ వెళ్తూ “పదకొండు, మర్చిపోకు” అన్నారు. పదిన్నరకు నేను ఇంటికి తాళం వేశాను. అంతవరకూ ఎన్నిసార్లు తాళం వేయాలనుకుని ఆగిపోయానో నాకే తెలుసు.

నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు నడిచే వెళ్తాను. ఆ పావుగంట నాది. పదమూడేళ్లు స్టేషన్ పక్క సందులో ప్రెస్సులో పెళ్లి పత్రికలు దిద్దాను. ఎవరి పేరుకు ముందు ‘శ్రీ’, ఎవరి పేరు చివర ‘గారు’, ఏ పెద్దమనిషికి గారు తప్పితే పెళ్లిలో అలుగుతాడు, అన్నీ నోటికొచ్చు. ప్రెస్సు మూతపడ్డాక, ఆబిడ్స్‌లో చెప్పుల షాపు మీద మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో తెలుగు రాసే పని దొరికింది. బయటి కంపెనీ చేసిన వీడియో గేములను వీళ్లు తెలుగులోకి తెస్తారు. ఆటలోని మనుషులకు మాటలు నేను రాస్తాను. ఎనిమిది నెలలైంది. తర్వాతి ఆట కూడా నా చేతికి వస్తుందో లేదో ఇవాళ్టి మీటింగుతో తేలిపోతుంది.

ఆ ఆట సంగతి చెప్పాలి. ‘నల్లకోట’ అని మూడు పెద్ద ఆటలు ముందే వచ్చాయి. రాక్షసులు, మంత్రాలు, ఏళ్ల తరబడి బలం కూడబెట్టుకునే ఒక వీరుడు. ఆ మూడింటిలోనూ కోట గుమ్మం బయట ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఆమెకు పేరు లేదు. వీరుడు దెబ్బలు తిని వచ్చినప్పుడల్లా “గాయం కట్టనా?” అంటుంది. మూడు ఆటల్లో ఆమెకున్నది ఆ ఒక్క మాటే. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఈమె మా ఇంట్లోనే ఉంటుంది కదా అనిపించి. ఇప్పుడు కథను పక్కకు తిప్పి, వేరే ఆటగా తెచ్చారు. మాటలు తక్కువ, పరుగులు, దూకుళ్లు, కత్తియుద్ధాలు ఎక్కువ. అందులో ఆమెకు వారిజ అని పేరు పెట్టారు. మందుల మూటను మోతి అనే కంచరగాడిద మీద వేసుకుని, కొండలు దాటి, కోటను ఒంటరిగా కూల్చడానికి బయల్దేరుతుంది. ఆ మొదటి దృశ్యంలో ఆమె నడుముకు కొంగు చెక్కుకుని లేచి నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది.

అయినా తప్పు నేనే చేశాను. వారిజ దెబ్బతిని కూలితే ‘పడిపోయింది!’ అని రాశాను. మోతి కూలితే కూడా ‘పడిపోయింది!’ అని రాశాను. తెర మీద మాటలు వచ్చే ఆ చిన్న పెట్టెలో పేరు పట్టదు, క్రియ ఒక్కటే పడుతుంది. మనిషిని లేపడానికి ఒక బటన్, గాడిదను లేపడానికి ఇంకో బటన్. ఆట పరీక్షించే అక్షిత మూడు వారాల కింద నా బల్ల దగ్గరికి వచ్చి “అక్కా, వంతెన కాడ పదకొండు సార్లు సచ్చిన. గాడిద పడ్డదేమో అని దాన్ని లేపుతున్న, ఈమె పోతున్నది” అంది.

నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వీరుడి గుర్రం పడితే ‘పడిపోయింది’, వీరుడు పడితే ‘పడిపోయాడు’. మూడు ఆటల్లో ఎవరూ పొరబడలేదు. ఆడమనిషి బయల్దేరాక గానీ ఈ చిక్కు రాలేదు. పెద్దమనుషుల పేర్ల చివర గారు తప్పకుండా పదమూడేళ్లు దిద్దినదాన్ని, ఎనిమిది నెలలు ఒక వీరురాలినీ గాడిదనూ ఒకే గాట కట్టి రాశాను, కలం ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంట్లో రోజూ వినే మాటే కదా, చెవికి తేడా తెలియలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. ఆ మూడు వారాలు కూర్చుని నాలుగు వేల వాక్యాల్లో వారిజకు ‘వచ్చారు’, ‘దూకారు’, ‘గెలిచారు’ అని మార్చాను.

దాని మీదే ఇవాళ్టి మీటింగు. టీం లీడర్ ప్రణయ్ ముప్పై ఏళ్లవాడు, మంచివాడే. “మేడం, పై ఆఫీసు వాళ్లు అడుగుతున్నరు. పాత ఆటల తీరు ఎందుకు మార్చిన్రని. మళ్ల పాతదే పెట్టేద్దాం. ఒంటిగంటకు పంపాలె” అన్నాడు.

“ఒక్కసారి మీరు ఆడి చూడండి, పాత మాటలతోనే” అన్నాను.

అక్షిత వంతెన దృశ్యం తెరిచింది. ప్రణయ్ చేతులు రుద్దుకుని కూర్చున్నాడు. పైనుంచి రాళ్లు పడ్డాయి, దుమ్ము లేచి ఎవరు కూలారో కనబడలేదు, ‘పడిపోయింది!’ అని వచ్చింది. గాడిద బటన్ నొక్కాడు. మోతి నిక్షేపంగా నిలబడి తోక ఊపుతోంది. వారిజ చచ్చిపోయింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఈమేనని మనిషి బటన్ నొక్కితే, అప్పుడు నిజంగానే పడింది గాడిద.

అక్షిత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ప్రణయ్ కూడా నవ్వేశాడు. “సరే మేడం, కష్టమే. అయితే పెట్టె జర పెద్దగ చేసి పేరు పెడదాం. ‘వారిజ పడిపోయింది’. సరిపోతది కద?”

“సరిపోతది. కానీ నేను ఒప్పుకోను.”

తర్వాతి ఆట పోతే పోయినట్టే. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

“హీరోకే ‘వచ్చాడు’ అని పెట్టినం. ఈమెకు ‘వచ్చారు’ అంటే ఎక్కువ కాదా మేడం?”

“మగాయనకు ‘డు’ అంటే చాలు, మనిషని తెలుస్తది. ఆడామెను మనిషి లెక్కన చెప్పాలంటే మర్యాద దాకా ఎక్కాలె. మన రాతల్ల నడిమి మెట్టు లేదు ప్రణయ్. కింద గాడిద ఉన్నది, పైన ‘గారు’ ఉన్నది. ఆమె ఒక్కరే కోట కూల్చిన్రు. నేనామెను కింద నిలబెట్టను.”

ప్రణయ్ నా వైపు చూశాడు. తర్వాత తెర వైపు. “వాళ్లేమన్న అడిగితే?”

“నా పేరు రాయండి. నేనే జవాబు చెప్త.”

అతను మెడ రుద్దుకున్నాడు. “మా అమ్మ ఈడ ఉంటే మీ దిక్కే ఉంటుండె” అని, కొత్త మాటల ఫైలు ఎక్కించమని అక్షితకు సైగ చేశాడు. మళ్లీ వంతెన. మళ్లీ రాళ్లు. ‘పడిపోయారు!’ అని వచ్చింది. ప్రణయ్ వేలు ఈసారి సరైన బటన్ మీదికే పోయింది. దుమ్ములోంచి వారిజ ఒక మోకాలు, ఇంకో మోకాలు ఆనించి, చేయి నేలకు ఊతంగా పెట్టి పైకి వచ్చారు. పెట్టెలో నా అక్షరాలు వెలిగాయి. ‘లేచారు!’

అక్షిత చప్పట్లు కొట్టింది. పత్రికల్లో ఎంతమంది పేర్లో దిద్దాను, ఒక్కటీ నాది కాదు. ఈ ఒక్క మాట నాది. ఇది ఎక్కడెక్కడి పిల్లల చేతుల్లోనో వెలుగుతుంది. ఆడమనిషి పడితే ఎలా అనాలో, లేస్తే ఎలా అనాలో వాళ్లకు ఆటలోనే అలవాటవుతుంది. గర్వం ఇలా ఉంటుందా అనుకున్నాను. వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన.

“ఏడున్నవ్? ఫిల్టరాయన వచ్చి తలుపు కొడుతుండట. ఇంకో ఫోన్ల లైన్ల ఉన్నడు. ఏం చెప్పాలె ఆయనకు?”

“సాయంత్రం ఆరింటికి రమ్మనండి. అప్పుడు మీరుంటరు.”

ఆయన ఇంకో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఆ మనిషితో విసుగ్గా అనడం నాకు వినిపించింది. “అది ఇంట్ల లేదంట...”

“ఏమండీ” అన్నాను. ప్రణయ్, అక్షిత వింటున్నారు. వింటే విననీ అనుకున్నాను. గొంతు పెంచలేదు, ప్రెస్సులో తప్పు చూపించినప్పుడు ఎలా చెప్పేదాన్నో అలాగే చెప్పాను.

“‘లేదు’ కాదు. ‘నళిని ఇంట్ల లేరు’ అనండి.”