తొలికోత అట్టు

దక్షిణ కొరియా తీరాన కాంగ్జిన్ దగ్గరి ఆ పల్లెలో తొలికోత బుచు ఆకును అల్లుడికి కూడా పెట్టరు. చలికాలమంతా బూడిద కప్పుకుని పడుకుని, ఎండ తగలగానే వెల్లుల్లి వాసనతో పైకి లేచే సన్నాకు అది. తిన్న మగవాడు పొద్దు వాలకముందే పక్క వెయ్యమంటాడని ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అల్లుడు తింటే లాభం కూతురికి గానీ అత్తకేమిటి? అందుకే అది ఇంటాయనకే.

బున్‌నమ్ ఇంటాయన పోయి మూడేళ్ళు. మూడు తొలికోతలూ మేకకు వేసింది. ఈ ఏడు వేయలేదు. పది రోజుల కిందట సంతలో, తేనెటీగలు పెంచే మేంగ్, ఆయనా భార్య పోయినవాడే, తేనె సీసాను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "ఒక్కడికి వండుకుంటే అన్నం అడుగంటుతోందండీ. మీకు ఇష్టమైతే ఇద్దరం ఒకచోట ఉందాం" అన్నాడు.

"ఆదివారం భోజనానికి రండి, చెబుతాను" అంది.

అరవై రెండేళ్ళ వయసులో 'సరే' అని నోటితో అనడం ఆమె వల్ల కాదు. అందుకే ఆదివారం పొద్దున్నే కొడవలి తీసింది.

ఆకు ఒక్క అట్టుకే వచ్చింది. రెండోది ఉల్లికాడలతో పోసింది. మేంగ్ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడో లేదో, వాకిట్లో కారు ఆగింది. కూతురు మిసన్, అల్లుడు తాక్. చెప్పాపెట్టకుండా వచ్చారు.

"ఎవరమ్మా ఈయన?"

"తేనె మేంగ్ గారు" అంది బున్‌నమ్.

"అత్తయ్యా, ఆకలి చంపేస్తోంది" అంటూ తాక్ తినే పుల్లలు తీసుకుని బుచు అట్టు మీదికే వంగాడు. మేంగ్ తల దించుకుని ఉల్లికాడల పళ్ళెం తనవైపు లాక్కున్నాడు.

ఊరుకుంటే మేంగ్‌కు జవాబు 'కాదు' అని అందిపోతుంది. ఊరుకోకపోతే ఆ అట్టు ఎవరికో కూతురి ఎదుటే తేలిపోతుంది. బున్‌నమ్ అల్లుడి పుల్లల కింద నుంచి పళ్ళెం లాగేసింది.

"అది కాదు బాబూ. అది తొలికోత."

"అయితే ఏం? మామయ్య తర్వాత ఈ ఇంటికి మగదిక్కు నేనేగా!"

"నీకు పెట్టేది కాదు."

తీసుకెళ్ళి మేంగ్ ముందు పెట్టింది. ఉల్లికాడల అట్టు అల్లుడి ముందుకు జరిపింది. మేంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్న పళ్ళెంలోనే పెట్టావా?" అంది మిసన్.

"నాన్నది బీరువాలో ఉంది. ఇది నిన్న కొన్నాను."

మిసన్ లేచి వెళ్ళి బీరువా తెరిచింది. అంచు పెచ్చూడిన పళ్ళెం దాని చోట అది ఉంది. తలుపు మూసి, వచ్చి కూర్చుంది. సోయా సాస్ గిన్నెను మేంగ్ వైపు తోసింది.

"చల్లారితే సాగుతుంది బాబాయిగారూ. తినండి."

"మరి నాకో?" అన్నాడు తాక్.

"రెండోకోతకి రా" అంది బున్‌నమ్.

మేంగ్ అట్టు అంచు తుంచాడు.